మామ అమ్మే కంది, బావ కొనే కంది

మా మేనమామది దర్శి దగ్గర ఒక పల్లె. ఉన్న ఏడెకరాల్లో నాలుగెకరాలు ఏటా కందే వేస్తాడు, మిగతా మూడూ ఆ ఏటి ధైర్యాన్ని బట్టి మిర్చో, పొగాకో. ఆయన కొడుక్కే మా అక్కనిచ్చాం. ఆ బావ ఆరేళ్లుగా ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో, నంపులా అనే ఊళ్లో, ఒక వ్యాపార సంస్థ గోడౌన్ చూసుకుంటున్నాడు. గోడౌన్లో ఉండేది కందులు. అక్కడి రైతుల దగ్గర కొని, నకాలా రేవు నుంచి కంటైనర్లలో మన దేశానికి పంపడం వాళ్ల పని. అంటే తండ్రి దర్శిలో కందులు అమ్ముతాడు, కొడుకు నంపులాలో కందులు కొంటాడు, కొడుకు కొన్నవి ఓడెక్కి వచ్చి తండ్రి రేటు మీద కూర్చుంటాయి. పండక్కి అందరం కూడినప్పుడు ఈ మాట ఎవరో ఒకరు ఎత్తకుండా ఉండరు. మామ మాత్రం తలెత్తకుండా అన్నం కలుపుకుంటూ ఉంటాడు.

నేను ఒంగోల్లో ఒక ఆడిట్ ఆఫీసులో జీఎస్టీ లెక్కలు చూస్తుంటాను. వ్యవసాయం నా వల్ల కాలేదు, అది వేరే కథ. కానీ 2025 సెప్టెంబరులో మామ ఇంట్లో ఒక వీడియో కాల్ చూశాక ఈ కందుల సంగతి బుర్రలోంచి పోవడం లేదు, అందుకే రాస్తున్నా.

ఆ రోజు ఆదివారం. మనకి సాయంత్రం అయిదైతే వాళ్లకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. బావ ఊరి బయట ఎక్కడో కొనుగోలు దగ్గర ఉన్నాడు, ఫోన్ వెనక్కి తిప్పి చూపించాడు. పెద్ద మామిడి చెట్టు, దాని కొమ్మకి వేలాడే కాటా, కింద గోతాలు, జనం వరసగా కూర్చుని ఉన్నారు. మామ కళ్లజోడు పెట్టుకుని ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. ఒకామె వచ్చింది. వీపున పిల్లాడు, రంగు రంగుల గుడ్డతో కట్టేసి ఉన్నాడు, నెత్తిన పెద్ద సత్తు బేసిన్లో కందులు. గోతంలో పోశారు, కాటాకి తగిలించారు. ఆమె మనుషుల వంక చూడలేదు, బావ వంకా చూడలేదు, తల పైకెత్తి కాటా ముల్లు వంకే చూస్తోంది.

"ఆయమ్మ ముల్లు చూస్తందిరా," అన్నాడు మామ.

"అందరూ చూస్తారు నాయనా."

"ఎంతొచ్చింది?"

"పంతొమ్మిదిన్నర."

"ఎంతకి రాస్తావు?"

బావ కాసేపు మాట్లాడలేదు. "పంతొమ్మిది," అన్నాడు. ఆ అర కిలో ఏమైందని మామ అడిగితే మట్టి ఉంటుంది, పొట్టు ఉంటుంది, తేమ ఉంటుంది, సంచి బరువు ఉంటుంది అని ఏదో చెప్పబోయాడు. మామ వినలేదు. ఫోన్ అత్త చేతిలో పెట్టి వాకిట్లోకి వచ్చేశాడు. దర్శిలో కమీషన్ కొట్టువాళ్లు క్వింటాలుకి రెండు కిలోలు తరుగు తీసినప్పుడల్లా ఇంటికొచ్చి తిట్టే తిట్లు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, అవేవీ తిట్టలేదు. "నలభై ఏళ్లుగా విన్న మాటలేరా, ఒక్క ముక్క కూడా మార్చలేదు వీడు," అన్నాడంతే.

అసలు నంపులాకీ దర్శికీ ఈ చుట్టరికం ఎట్లా కుదిరిందంటే, 2015 గుర్తుందా మీకు? రెండేళ్లు వరసగా వానలు సరిగా లేక కందిపప్పు కిలో 200 అయింది. హోటళ్లలో సాంబారు నీళ్లలా వచ్చింది, టీవీలో రోజూ పప్పు గోలే. 2016 జులైలో ప్రధాని మోదీ మొజాంబిక్ వెళ్లినప్పుడు ఒప్పందం కుదిరింది. ఆ ఏడు లక్ష టన్నుల పప్పుధాన్యాలు కొంటాం, పెంచుకుంటూ పోయి 2020-21 నాటికి 2 లక్షల టన్నులు చేస్తాం అని. రెండు దేశాల మధ్య వ్యాపారం అంటే మనకి గుర్తొచ్చేది చమురు, బొగ్గు, బంగారం. ఇది మాత్రం మూకుట్లో పోపు దాకా వచ్చే ఒప్పందం.

కానీ సంతకాలు పెట్టిన జులైలోనే ఇక్కడ మన రైతులు కూడా 200 రూపాయల పప్పుని చూసి కందే విత్తుతున్నారు. మా మామ మిర్చి చేను కూడా దున్నేసి కంది వేశాడు. వానలు బాగా పడ్డాయి. అంతకు ముందేడు దేశం మొత్తం పండింది 25 లక్షల టన్నులు, ఆ ఏడు 48 లక్షలు దాటింది. దాదాపు రెట్టింపు! మద్దతు ధర బోనస్‌తో కలిపి క్వింటాలు 5,050 అయితే మామ అమ్మింది నాలుగు వేలకి కాస్త తక్కువగా. కొనుగోలు కేంద్రం ముందు మూడు రాత్రులు ట్రాక్టర్ కింద పడుకుని, వంతు రాక, తిరిగొచ్చి దళారికి అమ్మాడు. 2017 ఆగస్టులో ప్రభుత్వం దిగుమతుల మీద పరిమితి పెట్టింది, ఏడాదికి 2 లక్షల టన్నులు మించకూడదని. మొజాంబిక్‌తో ప్రభుత్వ ఒప్పందం ఉంది కాబట్టి వాళ్ల కోటా విడిగా ఉంచారు గానీ, మార్కెట్టే పడిపోయాక కోటా ఉండి ఏం లాభం, కొనేవాడుండాలి కదా. ఇండియా కొంటుందని నమ్మి అక్కడా అందరూ కందే వేశారు. ఆ ఏడు కొనే దిక్కులేక ఇళ్లలోనే పురుగు పట్టాయని, ఇప్పటికీ కొందరు ముసలివాళ్లు కాటా దగ్గరికి రాగానే ముందు ఆ ఏడు గుర్తు చేసి తర్వాతే బేరం మొదలు పెడతారని బావ చెప్పాడు.

అంటే ఒకే ఏడాది, ఒకే కారణానికి, దర్శిలోనూ దెబ్బే, నంపులాలోనూ దెబ్బే. ఇక్కడ మామ దిగుమతుల్ని తిట్టుకున్నాడు, అక్కడివాళ్లు దిగుమతి ఆపినందుకు తిట్టుకున్నారు.

ఇంకో విచిత్రం, అక్కడివాళ్లకి ఇది ఇంటి తిండి కాదు. పచ్చికాయలు ఉడకబెట్టుకుని కొంత తింటారట, మనలాగా మూడు పూటలా పప్పు అనే లెక్క లేదు. పండిందాంట్లో చాలా భాగం ఒక్క దేశం కోసం పండుతుంది, ఆ దేశం మనది. మనం కొనకపోతే ఇంకో గిరాకీ దాదాపు లేదు. టాంజానియాలో కందిని ఎంబాజీ అంటారు, మలావీలో నండోలో అంటారు, మొజాంబిక్‌లో పోర్చుగీసు పేరుంది, బావ ఎన్నిసార్లు పలికినా నాకు పట్టుబడలేదు. నిజానికి కంది పుట్టిల్లు మన దేశమే, వేల ఏళ్ల కిందట సముద్రం దాటి ఆఫ్రికా తూర్పు తీరానికి పోయిందని శాస్త్రవేత్తలు చెబుతారు. తర్వాత మన పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థవాళ్లు ఆ దేశాలకి పనికొచ్చే కంది రకాలు తయారు చేసి ఇచ్చారు. ఈ సంగతి చెబితే మామ నమ్మలేదు. "విత్తనాలూ మనవే ఇచ్చి, పంటా మనమే కొనుక్కుని, మళ్లీ మన నెత్తినే వేసుకున్నామా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

బావ పంపిన పొలం ఫోటోలు మాత్రం ఆయనకి నచ్చాయి. మొక్కజొన్న సాళ్ల మధ్య కంది. మొక్కజొన్న కోసేశాక కంది నిలబడి ఉంటుంది, జులై నుంచి కోతలు. మామ ఫోన్ పెద్దది చేసి చేసి చూశాడు. వాళ్ల నాయన కూడా జొన్నలో, సజ్జలో ఇట్టనే ఆరు సాళ్లకో కంది సాలు వేసేవాడట. ఎరువు మూట ఎరగరు, మందు కొట్టరు, ఎకరాకి వచ్చినంత వస్తుంది. "మారుకా పురుగుకి ఏం కొడతారంట?" అని అడిగితే బావ, "కొట్టడానికి డబ్బులుండాలిగా," అన్నాడు. మామ ఈ ఏడు ఇప్పటికి రెండుసార్లు కొట్టాడు, మూడోదానికి అప్పు చెప్పొచ్చాడు.

ఇక అసలు తగువు. మా ఊళ్ల వైపు రచ్చబండ దగ్గర ఎవర్ని కదిపినా "ఆఫ్రికా కందులొచ్చి మన నోట్లో మట్టి కొట్టినయి" అంటారు. నేను లెక్కల మనిషిని కాబట్టి నా లెక్క చెబుతా, తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి. మన దేశం తినేది ఏడాదికి దాదాపు 45 లక్షల టన్నులు, పండేది 35 లక్షలకి అటూ ఇటూ. పది లక్షల టన్నులు ఎక్కడో ఒక చోట నుంచి తేవాల్సిందే, బర్మా నుంచో, మొజాంబిక్, టాంజానియా, మలావీల నుంచో. అందులో తప్పేం లేదు. 2021 మే నుంచి పరిమితులన్నీ ఎత్తేసి తలుపులు బార్లా తెరిచారు, 2023 మార్చిలో సుంకం కూడా తీసేశారు. (ఆ ఆఫ్రికా దేశాలకి అంతకు ముందు కూడా సుంకం లేదు, బాగా వెనకబడిన దేశాలకి 2008లో మన ప్రభుత్వం ఇచ్చిన రాయితీ అది.) మొజాంబిక్‌తో ఒప్పందం ఇంకో అయిదేళ్లు పొడిగించారు. 2023లో పంట తగ్గి, అదే ఏడు చివర్లో నకాలా రేవులో వ్యాపారుల గొడవ ఒకటి కోర్టులకెక్కి సరుకు అక్కడే ఆగిపోయి, 2024లో ఇక్కడ కందులు క్వింటాలు పది వేలు దాటిపోయాయి. అప్పుడు మామ నవ్వాడు, నిజం చెప్పాలి. ఇంటికి కొత్త మోటారు వచ్చింది.

ఆ రేటు చూసి అందరూ మళ్లీ వేశారు. ఇక్కడా, అక్కడా. 2024-25లో దిగుమతులు 12 లక్షల టన్నులు దాటాయి, ఎప్పుడూ లేనంత. 2025 జనవరిలో, సరిగ్గా మా దగ్గర నూర్పిళ్ల వేళ, సుంకం లేని దిగుమతిని ఇంకో ఏడాది, అంటే 2026 మార్చి దాకా పొడిగిస్తూ ఉత్తర్వు వచ్చింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఆఫ్రికా కంది మన దగ్గరికి చేరేది సెప్టెంబరు నుంచి. సంక్రాంతికి మామ కందులు కళ్లంలోకి వచ్చేసరికి పప్పు మిల్లులవాళ్ల గోడౌన్లు నిండి ఉంటాయి, వాళ్లు తొందరేముందని కాళ్లు చాపుకుని కూర్చుంటారు. తెచ్చుకోండి, కానీ ఎంత తెస్తారో, ఎప్పుడు ఆపుతారో జూన్‌లో విత్తక ముందు చెప్పండి. నూర్చేటప్పుడు చెప్పడం ఏంటి? 2025-26 మద్దతు ధర 8,000. దర్శిలో దళారి అప్పుడు చెప్పిన మాట ఏడు వేల లోపు.

మా అక్క ఈ మాట ఒప్పుకోదు. ఆమె ఒంగోల్లో పిల్లల చదువుల కోసం అద్దింట్లో ఉంటుంది. 2024లో 180 పెట్టి కొన్న పప్పు 2025లో 120కి వచ్చింది, ఆమెకి అదే కావాలి. "మామయ్య సంవత్సరానికి ఒకసారి అమ్ముతాడు, నేను నెలనెలా కొంటాను" అంటుంది. పైగా ఆ ఇంటద్దె కట్టేది నంపులా జీతంతోనే. ఒకే కుటుంబంలో అమ్మేవాడు, కొనేవాడు, తినేది, ముగ్గురికీ మూడు న్యాయాలు. మా అమ్మకి నాలుగోది, మొజాంబిక్ పప్పు ఓ పట్టాన ఉడకదని. కొట్టులో కొన్న ప్యాకెట్ మీద ఎక్కడి కందో రాసి ఉండదు, ఈమెకెట్లా తెలిసిందో మరి.

అయితే తలుపు తీసి మూసే ఆట మనం ఒక్క కందితోనే ఆడలేదు. బియ్యం చూడండి. 2022 సెప్టెంబరులో నూకల ఎగుమతి ఆపేశాం, 2023 జులై 20న బాసుమతి కాని తెల్ల బియ్యం ఆపేశాం. ఇక్కడ ధరలు పెరక్కుండా అన్నారు, సరే. కానీ మనం కోళ్లకీ దాణాకీ పోసే నూకలే సెనెగల్‌లో అసలైన అన్నం, చేపలతో కలిపి వండే వాళ్ల పండగ భోజనం నూకలతోనే చేస్తారు. బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్ లాంటి దేశాలు మన బియ్యం మీద ఆధారపడి ఉన్నాయి. వాళ్ల అంగళ్లలో రేట్లు పెరిగాయి. ఇక్కడ మా నెల్లూరు వైపు మిల్లులవాళ్లు కూడా ఏడ్చారు, బియ్యం బయటికి పోకపోతే ధాన్యానికి రేటెక్కడిది? తెల్ల బియ్యం 2024 సెప్టెంబరులో వదిలారు, నూకలు 2025 మార్చిలో. కందుల్లో మామకి జరిగింది బియ్యంలో సెనెగల్ ఇల్లాలికి జరిగింది.

మా జిల్లావాళ్లకి ఆఫ్రికా సంగతులు కొత్తేం కాదు లెండి. పొగాకు వేలం మొదలయ్యే ముందు "జింబాబ్వేలో పంట ఎంతంట?" అని అడగని రైతు ఒంగోలు చుట్టుపక్కల ఉండడు. అక్కడ 2025లో 35 కోట్ల కిలోలు దాటిందని తెలిశాక టంగుటూరు, కొండపి వైపు మొహాలు ఎట్లా అయ్యాయో చూశాం. ఆ జింబాబ్వే పొగాకులో పెద్ద వాటా కొనేది చైనా. ముందే పెట్టుబడి ఇచ్చి పంట వేయించుకుంటుంది. మా చీమకుర్తి గ్రానైట్ రాయి కూడా కొనేది చైనానే, ఏం చేస్తాం.

ఆఫ్రికాలో చైనా సంగతి బావ నోట వింటే బాగుంటుంది. అక్కడి రాజధాని మపూతోలో సముద్రపు పాయ మీద పెద్ద వేలాడే వంతెన, 2018లో తెరిచారు, చైనా కంపెనీ కట్టింది, చైనా అప్పుతోనే. పెద్ద స్టేడియమూ వాళ్లదే. 2024లో చైనా, ఆఫ్రికా వ్యాపారం 295 బిలియన్ డాలర్లు, మనది అందులో సగం కూడా కాదు. మూడేళ్లకోసారి సదస్సు పెట్టి పద్దు చదువుతారు వాళ్లు. మనం 2008, 2011, 2015ల్లో మూడు సదస్సులు పెట్టి, ఢిల్లీలో 41 మంది దేశాధినేతల్ని కూర్చోబెట్టి, ఆ తర్వాత నాలుగోది పదేళ్ల దాకా పెట్టలేదు. అయినా బావ అనేదేంటంటే, "చైనావాడు వచ్చి రోడ్డేసి అప్పు రాసుకుని పోతాడు, మన గుజరాతీ వచ్చి కొట్టు పెట్టుకుని అక్కడే ముసలివాడైపోతాడు." అది నిజమే, గుజరాత్ పక్కనున్న డయ్యూ వర్తకులు 17వ శతాబ్దం నుంచే మొజాంబిక్ దీవిలో బట్టల వ్యాపారం చేశారు, ఆ దీవి నంపులా రాష్ట్రంలోనే ఉంది. మన ప్రభుత్వ కంపెనీలకి, అంటే ఓఎన్‌జీసీ విదేశ్, భారత్ పెట్రోలియం, ఆయిల్ ఇండియా మూడింటికీ కలిపి, అక్కడి రొవూమా గ్యాస్ క్షేత్రంలో ఒకదాంట్లో 30 శాతం వాటా ఉంది. 2021లో దాని దగ్గరున్న పాల్మా ఊరి మీద మిలిటెంట్లు దాడి చేశాక నాలుగేళ్లకి పైగా పని ఆగి, 2025 నవంబరులో మళ్లీ మొదలు పెడతామన్నారు.

అక్కడ కొట్టు పెట్టుకున్నవాడి బతుకు ఎంత సుఖమో 2024 డిసెంబరులో తెలిసింది. ఎన్నికల ఫలితం మీద గొడవలు, ఊళ్లో షాపులూ గోడౌన్లూ దోచుకున్నారు. బావ నాలుగు రోజులు గదిలోంచి బయటికి రాలేదు, నెట్ వచ్చీ పోతూ ఉంది. అక్క ఆ టెన్షన్‌కి అన్నం మానేసింది. మామ మాత్రం చేలోనే ఉన్నాడు, పొద్దుగూకినా ఇంటికి రాలేదు. వెళ్లి చూస్తే గట్టు మీద కూర్చుని ఫోన్ చేతిలో పట్టుకుని ఉన్నాడు, అక్కడైతే సిగ్నల్ బాగా వస్తుందట. ఆ వారం రోజులూ రేటు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇది రాసేనాటికి ఇక్కడ చేను పూత మీదుంది. అక్టోబరు చివర్లో మొంథా తుపానుకి పల్లపు మూల నీళ్లు నిలబడి అరెకరం ఎండిపోయింది, మిగతాది బాగానే ఉంది, పసుపచ్చగా చూడముచ్చటగా ఉంది. అక్కడ వానలు మొదలయ్యాయి, విత్తే రోజులు. పోయిన ఆదివారం మళ్లీ ఫోన్ మాట్లాడుతుంటే మామ ఉన్నట్టుండి, "ఆ బేసిను ఆయమ్మ మళ్లీ కనబడిందా?" అని అడిగాడు. బావకి మొదట అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చి, గోడౌన్ దగ్గరికి వచ్చిందనీ, వచ్చే ఏడు కూడా ఇండియా కొంటుందా, మొక్కజొన్నలో కంది వేయమంటావా, మానేసి నువ్వులు వేసుకోమంటావా అని అడిగిందనీ చెప్పాడు.

మామ నన్నూ వారం కిందట అడిగింది ఇదే, కాకపోతే తిరగేసి. వచ్చే ఏడు కూడా ఓడలొస్తాయా, కంది వేయనా మాననా అని. సుంకం లేని దిగుమతి గడువూ, మొజాంబిక్‌తో ఒప్పందం గడువూ రెండూ 2026 మార్చి దాకానే, ఆ తర్వాత ఏంటో అప్పటికింకా ఢిల్లీవాళ్లు చెప్పలేదు.

"మరి ఆయమ్మకేం చెప్పావు?"

"మార్చి దాకా ఆగమన్నా నాయనా. ఏ సంగతీ అప్పుడు తెలుస్తుంది."

"మార్చి దాకా ఆగితే అదును ఉంటుందంట్రా?" అని గట్టిగా కసిరాడు మామ. "వానలు పడుతుంటే విత్తనం చేతిలో పట్టుకుని కూర్చోమంటావా ఆయమ్మని?"